నాన్నగారి జనతా, 147 ముక్కల కిట్టు: అసలు పనిముట్లు ఎక్కడ కొనాలి?

నాన్న_జనతా · శనివారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పని పని చేసి కూర్చున్నాను.

మా నాన్నగారి దగ్గర హెచ్‌ఎంటీ జనతా ఉంది. రోజూ కీ ఇచ్చే రకం, 17 జ్యూయెల్స్ (ఇరుసులు తిరిగే చిన్న రాళ్ళు). ఆర్టీసీలో ఉద్యోగం వచ్చాక రెండో నెల జీతంతో కొన్నారట. చాలా ఏళ్ళుగా బీరువాలోనే ఉంది. కీ తిరుగుతుంది, కాస్త ఊపితే నిమిషం నడిచి ఆగిపోతుంది. నేనే విప్పి శుభ్రం చేద్దామని ఒక ఆన్‌లైన్ సైట్‌లో 699 పెట్టి 147 ముక్కల కిట్టు తెప్పించా. వెనక మూత బాగానే వచ్చింది. లోపల మొదటి స్క్రూ మీద పెట్టి తిప్పగానే డ్రైవర్ మొన మెలితిరిగింది, స్క్రూ గాడి అంచు కాస్త లేచింది. వెంటనే మూత పెట్టేశా. నాన్న అడిగితే ఇంకా తెరవలేదని అబద్ధం చెప్పా.

ఈసారి మంచివి కొనాలి. ఎనిమిది వేల వరకు పెట్టగలను. ఉండేది మియాపూర్. ఆన్‌లైన్‌లోనే కొనాలా, పాతబస్తీ కొట్లలో వెతకాలా, బయటి దేశం నుంచి తెప్పించుకోవాలా? తలా ఒక మాట చెబుతున్నారు. దయచేసి తిట్టకండి, ఇప్పటికే బాధలో ఉన్నా.

బెజవాడ_బల్ల · శనివారం రాత్రి 11:05

తిట్టను గానీ బాబూ, ముందు ఆ వాచీని మళ్ళీ బీరువాలో పెట్టెయ్. ఆర్నెల్ల దాకా దాన్ని ముట్టుకోకు.

ముప్పై ఏళ్ళ నుంచి గవర్నర్‌పేటలో బల్ల ముందు కూర్చుంటున్నా. నా దగ్గరకొచ్చే వాటిలో వయసైపోయి ఆగినవి బాగుచేయడం తేలిక. ఇంట్లో ఎవరో విప్పి తెచ్చినవే ప్రాణం తీస్తాయి.

కిట్టు పారెయ్యకు. మూత తీసే చాకు, బెల్టు పిన్నులు తీసే పుల్ల, చిన్న సుత్తి ఉంచుకో. డ్రైవర్లు, ట్వీజర్లు పిల్లల బొమ్మలకు వాడుకో. ఆ 147 ముక్కల్లో నీకు అక్కరకొచ్చేవి ఆరో ఏడో.

కొనాల్సినవి చెప్తా, రాసుకో. 0.80, 1.20, 1.60 మిల్లీమీటర్ల డ్రైవర్లు మూడు. 3 నంబరు ట్వీజర్ ఒకటి. ఐగ్లాసు, అంటే కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి. మిషన్‌ను, అంటే వాచీ లోపలి యంత్రాన్ని పట్టుకునే హోల్డరు, ముళ్ళు లేపే లివర్లు ఒక జత, గాలి కొట్టే రబ్బరు బుడ్డి. అంతే. నడక కొలిచే టైమ్‌గ్రాఫర్, ముక్కలు కడిగే అల్ట్రాసోనిక్ అంటూ ఎవరేం చెప్పినా ఇప్పుడు వినకు.

ఇంకొకటి, ఇది పనిముట్ల కంటే ముందు కొనాలి. ఆగిపోయిన జనతాలు రెండు. ఎర్రగడ్డ ఆదివారం సంతకెళ్ళి గీసి గీసి బేరమాడు. లోపల 0231 అనే మిషన్ ఉంటుంది, జనతాలో ఉన్నదే పైలట్‌లోనూ చూస్తుంటాను. నువ్వు పాడుచేయాల్సినవన్నీ వాటిమీద పాడుచెయ్. మిగిలిన ముక్కలు రేపు నాన్నగారి వాచీకి విడిభాగాలవుతాయి. కంపెనీ వాచీల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించేసింది. ఇప్పుడు దొరికేవి పాత నిల్వలూ, ఇలాంటి చచ్చిన వాచీలూనే.

సీకో_శీను · శనివారం రాత్రి 11:31

బల్ల గారంటే గౌరవమే గానీ, మరీ భయపెట్టేస్తున్నారు. నేను చైనా డ్రైవర్ల సెట్టుతోనే నడిపిస్తున్నా, 1500 పడింది, స్టాండుతో సహా. ఇప్పటికి పద్నాలుగు వాచీలు కట్టా. ఎన్‌హెచ్35 అనే సీకో రెడీమేడ్ మిషన్, కేసు, డయల్, ముళ్ళు అన్నీ విడిగా తెప్పించి. డ్రైవర్లకేం కాలేదు.

బెజవాడ_బల్ల · శనివారం రాత్రి 11:38

శీనూ, ఆ పద్నాలుగు వాచీల్లో మిషన్ లోపలి స్క్రూలు ఎన్ని విప్పావు?

సీకో_శీను · శనివారం రాత్రి 11:40

ఒక్కటీ లేదండీ.

బెజవాడ_బల్ల · శనివారం రాత్రి 11:44

అదీ సంగతి. కొత్త మిషన్‌ను కేసులో కూర్చోబెట్టడం వేరు. నలభై ఏళ్ళుగా నూనె ఎండిపోయి బిగుసుకున్న స్క్రూను కదిలించడం వేరు. నీ పనికి నీ సెట్టు సరిపోతుంది, కాదనను. ఈ అబ్బాయి పని అది కాదు.

పొద్దుటూరు_వాసి · ఆదివారం ఉదయం 6:50

మాది బంగారు పని, వాచీలు సరదా. నా మాట ఒకటే, ట్వీజర్ అనేది ఫొటో చూసి కొనే వస్తువు కాదు. చెప్పులు ఫొటో చూసి కొనొచ్చు గానీ ట్వీజర్ కొనకూడదు.

మా ఊళ్ళో అయినా, హైదరాబాద్‌లో పాట్ మార్కెట్ వైపు అయినా బంగారు పని సామాను అమ్మే కొట్లుంటాయి. అక్కడికెళ్ళి పది ట్వీజర్లు ముందు వేయించుకో. ఒక్కోదాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి మెల్లగా నొక్కు. మొనలే ముందు కలవాలి, తర్వాత సందు వెనక్కి మూసుకుపోవాలి. మధ్యలో ముందు తగిలి మొనలు తెరుచుకుంటే పక్కన పెట్టెయ్. తర్వాత ముంజేతి మీది వెంట్రుక ఒకటి పట్టుకుని లాగు. జారితే వద్దు, తెగితే అంచు మరీ పదును, అదీ వద్దు. ఊడి రావాలి. కొట్టాయన నవ్వినా పట్టించుకోకు. చివరగా ఒక సూదిని దగ్గర పెట్టి చూడు, అంటుకుంటే అయస్కాంతం ఎక్కింది. వాచీలో ఆ బాధ మనకొద్దు.

ఒక జాగ్రత్త. మేం కుంపటి దగ్గర వాడే శ్రావణం లావుగా ఉంటుంది, అది అడగొద్దు. వాచీ పనికి అని చెప్పి సన్న మొనది అడుగు. డ్యుమాంట్ అనే స్విస్ రకం దొరికితే అదృష్టమే, కానీ పేరు చూసి మోసపోవద్దు. పేరు చెక్కడం చాలా సులువు, మొనలు కలిపి అరగదీయడమే కష్టం.

సీకో_శీను · ఆదివారం ఉదయం 9:15

పేరు సంగతి మాత్రం నిజం. ఒక సైట్‌లో స్విస్ ట్వీజర్ అని 900కి కొంటే గోరుతో గీకితే అక్షరాలు పోయాయి. సూది పెట్టి చూశా, సూదే కాదు, పక్కనున్న స్టేపుల్ పిన్ను కూడా లేచొచ్చింది.

నాన్న_జనతా · ఆదివారం ఉదయం 9:40

ఐగ్లాసు ఎన్ని రెట్లది కొనాలి? ఎంత ఎక్కువైతే అంత మంచిదా? కిట్టుతో 10 రెట్లది వచ్చింది.

పొద్దుటూరు_వాసి · ఆదివారం ఉదయం 10:02

అందరూ చేసే పొరపాటే ఇది. 10 రెట్లదానితో చూడాలంటే వస్తువు కంటికి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఆ సందులో డ్రైవర్ ఎక్కడ పెడతావు, చెయ్యి ఎక్కడ పెడతావు? 4 రెట్లదైతే ఆరు సెంటీమీటర్ల దూరం వస్తుంది, పని జరుగుతుంది. 10 రెట్లది చివర్లో జ్యూయెల్ పగిలిందా, ఇరుసు మొన అరిగిందా అని చూసుకోవడానికి. కళ్ళజోడు ఉంటే దానికి తగిలించేది తీసుకో. లేదంటే తీగ చుట్టుతో తలకు పెట్టుకునేది. కనుబొమ్మ కింద నొక్కి పట్టుకోవడం మొదటి నెలలో రాదు, నిమిషానికోసారి మిషన్ మీద పడుతుంది.

లెస్టర్_లలిత · ఆదివారం మధ్యాహ్నం 3:30

నమస్తే. ఇంగ్లండ్ వైపు నుంచి నాకు తెలిసింది చెప్తాను. ఇక్కడ మాలాంటి సరదా పనివాళ్ళు ఎక్కువగా కొనేది రొమ్‌ఫర్డ్‌లో ఉన్న కజిన్స్‌లో. స్క్రూ దగ్గర్నుంచి నూనె వరకు అన్నీ ఒకే చోట ఉంటాయి, ఒక్క డ్రైవర్ అయినా విడిగా ఇస్తారు. అందులో కనిపించే ధరలు పన్ను కలపనివి. ఇక్కడ ఉండేవాళ్ళకు 20 శాతం వ్యాట్ తోడవుతుంది, ఇండియాకు పంపితే అది ఉండదు. చేత్తో పట్టుకుని చూసి కొనాలనుకుంటే లండన్‌లో హాటన్ గార్డెన్ ఉంది, నగల సామాను కొట్ల వీధి.

కానీ అక్కడి నుంచి ఇండియాకు తెప్పించుకునేటప్పుడు వస్తువు ధర ఒక్కటే చూడకండి. సుంకం లెక్క వస్తువు ధర మీదే కాదు, రవాణా, ఇన్సూరెన్స్ కూడా కలిపి వేస్తారు. ఆ పైన కొరియర్ వాళ్ళు క్లియరెన్స్ చార్జీ అంటారు. మా అన్నయ్య కోసం రెండు డ్రైవర్లు పంపితే, ఖర్చు నాలుగు డ్రైవర్లంత అయింది. నలుగురు కలిసి ఒక ఆర్డర్ వేసుకుంటేనే గిట్టుబాటు, చీటీ పాట లాగా.

విడిభాగాలు కూడా అక్కడే కొందాం అనుకునేవాళ్ళకు చిన్న మాట. ఎటా అనే స్విస్ కంపెనీ మిషన్ల విడిభాగాలు ఇలాంటి టోకు కొట్లకు ఇవ్వడం దాని యజమాని స్వాచ్ గ్రూప్ 2015 చివరికల్లా ఆపేసింది. దాని మీద కజిన్స్‌కూ స్వాచ్‌కూ మధ్య కోర్టు కేసు కూడా నడిచింది. ఉన్న నిల్వలు అయిపోతే ధరలు పైకే. జనతాకు ఈ బాధ లేదు, అది సిటిజన్ సహకారంతో పుట్టిన వంశం.

డాలస్_బుల్లోడు · ఆదివారం సాయంత్రం 6:10

నేను డిసెంబర్‌లో వస్తున్నా తమ్ముడూ, చిన్నవి ఉంటే చెప్పు, బ్యాగ్‌లో పడేస్తా. ఇక్కడ ఎస్‌లింగర్, ఒట్టో ఫ్రై, జూల్స్ బోరెల్ అని మూడు పాత కొట్లు ఉన్నాయి, మూడూ ఆన్‌లైన్‌లో అమ్ముతాయి. ఇదివరకు చైనా నుంచో ఇంగ్లండ్ నుంచో తెప్పించుకుంటే 800 డాలర్ల లోపు పార్సిల్‌కు సుంకం ఉండేది కాదు. చైనా సరుకుకు 2025 మే 2 నుంచి, మిగతా దేశాల సరుకుకు ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు ఎత్తేశారు. దాంతో ఈ కొట్ల ధరలే నయమనిపిస్తున్నాయి.

లైటర్ ఫ్లూయిడ్, హెయిర్‌స్ప్రింగ్ (బ్యాలెన్స్ చక్రానికుండే సన్న స్ప్రింగు) కడిగే ద్రవాలు మాత్రం అడగకండి. అవి నిప్పంటుకునే సరుకు, చేతి సంచిలోనూ కుదరదు, చెకిన్ బ్యాగ్‌లోనూ కుదరదు. పోయినసారి మా బావ కోసం పెట్టుకుని ఎయిర్‌పోర్ట్‌లో తీసేయించుకున్నా.

నాన్న_జనతా · ఆదివారం రాత్రి 8:00

థాంక్స్ అన్నా. డిసెంబర్ దాకా ఆగలేనేమో. అలీఎక్స్‌ప్రెస్‌లో చవక అని ఒక ఫ్రెండ్ అన్నాడు, అది ఇప్పుడు తెరుచుకోవడం లేదు కదా?

సీకో_శీను · ఆదివారం రాత్రి 8:12

2020 నవంబర్‌లో నిషేధించారు బ్రో. ఇప్పుడు అదే సరుకు మన సైట్లలో రీసెల్లర్ల దగ్గర రెండింతల ధరకు కనిపిస్తుంది. ఫొటోలు కూడా అవే. హోల్డరు, గాలి బుడ్డి, ట్రేలు, అయస్కాంతం దించే నీలం రంగు డీమాగ్నటైజర్ లాంటివి అలా కొన్నా నష్టం లేదు. స్క్రూను ముట్టుకునేది, ఇరుసును ముట్టుకునేది మాత్రం అక్కడ వద్దు. చూశారా బల్ల గారూ, నేనూ మారాను.

వరంగల్_కెమిస్ట్రీ · ఆదివారం రాత్రి 9:25

నూనె గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? శుభ్రం చేశాక నూనె లేకుండా నడిపిస్తే ఇరుసులు అరిగిపోతాయి. కుట్టుమిషన్ నూనె వేస్తే పాకి పాకి అక్కర్లేని చోటికి పోతుంది, కావలసిన చోట ఉండదు. మా తాతగారి గోడ గడియారానికి కొబ్బరినూనె వేసేవారు, ప్రతి సంక్రాంతికీ అది ఆగిపోయేది. చలికి నూనె పేరుకునేదని నాకు డిగ్రీలో గానీ అర్థం కాలేదు.

వాచీలో అన్నిచోట్లా ఒకే నూనె కుదరదు. బ్యాలెన్స్ ఇరుసులు, ఎస్కేప్ వీల్ లాంటి వేగంగా తిరిగే చోట పలచనిది కావాలి, మోబియస్ 9010. స్ప్రింగు పెట్టె ఇరుసు, మధ్య చక్రం లాంటి నెమ్మదిగా, బరువుగా తిరిగే చోట చిక్కనిది, డీ5. ఎస్కేప్ వీల్‌ను ఆపి వదిలే పాలెట్ ఫోర్క్ రాళ్ళ మొహానికి 9415. మెయిన్ స్ప్రింగుకు 8200 గ్రీజు. పాలెట్ ఫోర్క్ ఇరుసులకు మాత్రం ఏమీ వేయరు. మొదటిసారికి 9010, డీ5 రెండూ ఉంటే బండి నడుస్తుంది.

ఎక్కడ కొనాలంటే, సీలు, గడువు తేదీ ఉన్న సీసానే కొనాలి, అది ఏ కొట్టయినా సరే. రెండు మిల్లీలీటర్ల సీసా చూస్తే నవ్వొస్తుంది, ఇంత ధరా అని. కానీ ఇంట్లో చేసుకునేవాడికి అది అయిపోయే లోపల గడువే అయిపోతుంది. విడిగా పోసి అమ్మే నూనె మాత్రం కొనకండి. అందులో ఏముందో పోసినవాడికే తెలియాలి.

బెజవాడ_బల్ల · ఆదివారం రాత్రి 9:50

లెక్చరర్ గారూ, మా గురువు గారు ఒకే బుడ్డితో నలభై ఏళ్ళు చేశారు. ఆయన చేతి వాచీలు ఇప్పటికీ నడుస్తున్నాయి.

వరంగల్_కెమిస్ట్రీ · ఆదివారం రాత్రి 10:01

నడుస్తాయండీ, ఎందుకంటే ప్రతి రెండేళ్ళకూ మళ్ళీ ఆయన దగ్గరికే తెచ్చేవారు. ఇప్పుడు ఎవరు తెస్తున్నారు?

బెజవాడ_బల్ల · ఆదివారం రాత్రి 10:09

అదీ నిజమే. నేను కూడా 9010కి మారి పన్నెండేళ్ళయింది, ఊరికే గురువు గారి తరఫున అన్నా.

వరంగల్_కెమిస్ట్రీ · ఆదివారం రాత్రి 10:20

కడగడం గురించి కూడా ఒక్క ముక్క. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఎలక్ట్రానిక్స్ కొట్లలో సులువుగా దొరుకుతుంది కదా అని అన్నీ అందులో ముంచేస్తారు. పాలెట్ ఫోర్క్ రాళ్ళను, బ్యాలెన్స్ చక్రం కింద ఉండే చిన్న రాయిని లక్కతోనే అంటిస్తారు. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని చెక్క సామానుకు పాలిష్ పట్టేవాళ్ళను ఎవరిని అడిగినా చెబుతారు. ఆ రెండింటినీ నానబెట్టారా, రాళ్ళు ఊడి గిన్నె అడుగున కనిపిస్తాయి. వాటికి లైటర్ ఫ్లూయిడ్ వాడండి, అది లక్కను ఏమీ చేయదు. సిగరెట్ లైటర్లు అమ్మే కొట్లో అడగండి. కిటికీలు తెరిచి, దేవుడి దీపానికి దూరంగా.

పాతికేళ్ళ_టైటాన్ · సోమవారం ఉదయం 8:05

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నావన్నీ బ్యాటరీ వాచీలు. సెల్ ఒక్కటే మార్చుకోవాలి, దానికి ఏం కొనాలి?

సీకో_శీను · సోమవారం ఉదయం 8:30

మూత తీసే చాకు, ప్లాస్టిక్ ట్వీజర్, సెల్. ఇనుప ట్వీజర్‌తో సెల్‌ను రెండు వైపులా పట్టుకుంటే షార్ట్ అవుతుంది. పాత సెల్ మీద నంబరు చూసి కొనండి. ఎస్‌ఆర్626ఎస్‌డబ్ల్యూ అన్నా 377 అన్నా ఒకటే. విడి సెల్ కాకుండా తేదీ ఉన్న సీలు పట్టీలోంచి చింపి ఇమ్మనండి. మిగతావి వేరే చర్చలో అడగండి అన్నా, మోడరేటర్ వస్తారు.

మోడరేటర్ · సోమవారం ఉదయం 9:00

వచ్చాను. చర్చ బాగుంది, తెరిచే ఉంచుతున్నా. కొట్ల యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి, రెండు తీసేశాను.

నాన్న_జనతా · తర్వాతి ఆదివారం రాత్రి 9:15

అందరికీ రిపోర్టు ఇవ్వాలి కదా.

ఉదయమే ఎర్రగడ్డ. సెల్‌ఫోన్ చార్జర్ల గుట్ట పక్కన ఒక పెద్దాయన గోనెపట్టా మీద వాచీలు పోసుకుని కూర్చున్నాడు. జనతాలు ఆరు కనిపించాయి. నాలుగింటికి డయల్ కొత్తగా మెరుస్తోంది. ఇక్కడ ఎవరో రాశారు గుర్తుంది, మళ్ళీ పెయింట్ వేసిన డయల్‌కు ఎక్కువ అడుగుతారని. మనకు డయల్‌తో పనేముంది? తుప్పు లేనివి, కీ తిప్పితే స్ప్రింగు పట్టున్నవి, మరకల డయల్‌వి రెండు తీసుకున్నా. 1200 అన్నాడు, 900కి ఇచ్చాడు.

అక్కడి నుంచి పాట్ మార్కెట్. ఆదివారం కదా, సగం మూసే ఉన్నాయి. ఒక్క కొట్టు తెరిచి ఉంటే ట్వీజర్ల పరీక్ష మొదలుపెట్టా. వెలుతురుకు పట్టి చూస్తుంటే ఆయన ఏమీ అనలేదు. ముంజేతి వెంట్రుకలు పీక్కుంటుంటే మాత్రం లోపలున్న కుర్రాణ్ణి పిలిచి చూపించాడు. పదకొండోది బాగుంది, 1400. నాలుగు రెట్ల ఐగ్లాసు 250.

డ్రైవర్లు మాత్రం అక్కడ నచ్చలేదు. మధ్యాహ్నం పాతబస్తీ వెళ్ళా. వాచీ సామాను కొట్టు అంటే చాలామంది స్ట్రాపుల కొట్టే చూపించారు. చివరికి ఒక సందులో, మంచం అంత కొట్టు. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, ఒక్కోదాని మీద ఉర్దూలో, ఇంగ్లిష్‌లో పెన్సిల్ రాతలు. అందులో కూర్చున్న పెద్దమనిషి నేను నోరు తెరవకముందే "కౌన్సా మిషన్?" అన్నారు. జనతా అన్నా. తొమ్మిది డ్రైవర్ల సెట్టు కావాలన్నా. ఇవ్వనన్నారు! నిజంగానే ఇవ్వలేదు. తొమ్మిదిలో ఆరు నువ్వు తాకను కూడా తాకవు, డబ్బులు ఎందుకు తగలేస్తావని ఉర్దూలో కోప్పడి మూడు విడిగా ఇచ్చారు. స్విస్ బెర్జియాన్వి, పసుపు రంగు చుట్టుది 0.80, ఎర్రది 1.20, ఇంకా 1.60. మూడూ కలిపి 2900. మొన పోతే మార్చుకోవడానికి విడి బ్లేడ్లు చిన్న గొట్టంలో వస్తాయని నాకు అక్కడే తెలిసింది.

లివర్లు, హోల్డరు, గాలి బుడ్డి కలిపి 700. మొత్తం 6150. మిగిలింది నూనెకు. ఆయన దగ్గర డీ5 ఉంది గానీ సీసా మీద గడువు దాటింది. అది నేను చూపిస్తే ఆయనే తీసి పక్కన పెట్టేశారు.

నాన్నగారి వాచీలో పాడైన స్క్రూ ఫొటో చూపించా. సొరుగు తీసి అలాంటిదే ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు. ముందు చచ్చిన వాచీని నడిపించి చూపించు, అప్పుడిస్తువు గానీ అన్నారు.

లెస్టర్_లలిత · తర్వాతి ఆదివారం రాత్రి 10:40

ఆ స్క్రూ మీకు ఇంగ్లండ్‌లో ఎంత వెతికినా దొరికేది కాదు.

9010, డీ5 కోసం ఇంకెవరైనా ఉన్నారా? నలుగురైతే వచ్చే నెల ఆర్డర్ వేస్తాను.

పొద్దుటూరు_వాసి · సోమవారం ఉదయం 6:45

నేను ఒకణ్ణి.

వరంగల్_కెమిస్ట్రీ · సోమవారం ఉదయం 7:30

నేనూ. గడువు తేదీ ఫొటో పెట్టాలి.

బెజవాడ_బల్ల · సోమవారం రాత్రి 9:20

బాబూ, డ్రైవర్లు కొన్నావు సరే, అలాగే వాడెయ్యకు. ఎంత ఖరీదైనదైనా మొనను మన స్క్రూకు తగ్గట్టు సాన పట్టుకోవాలి. ఇది ఏ కొట్లోనూ దొరకదు.

డ్రైవర్ వెడల్పు స్క్రూ తలకు సరిపోవాలి. చిన్నదైతే గాడి మధ్యలో మాత్రమే బలం పడి అంచు లేస్తుంది, నీకు జరిగింది అదే. పెద్దదైతే పక్కనున్న ప్లేటు మీద గీత పడుతుంది. మొన మందం గాడిలో బిగుతుగా కూర్చోవాలి, గాడి అడుగుకు తగలాలి. కిట్టు డ్రైవర్ మొన కత్తిలా పదునుగా ఉంటుంది. అది గాడిలోకి గుచ్చుకున్నట్టు వెళ్ళి, తిప్పగానే పైకి లేచిపోతుంది. కాబట్టి నూనె రాతి మీద రెండు వైపులా సమానంగా రుద్ది, చివర కొసను నిలువుగా ఒకట్రెండుసార్లు తాకించు, పదును పోయి చదును రావాలి. ఐగ్లాసులో చూసుకుంటూ చెయ్. వడ్రంగి సామాను కొట్లో సన్నరకం నూనె రాయి అడిగితే ఇస్తారు. మొదటి సాన నీ కిట్టు డ్రైవర్ల మీద పట్టు, చూశావా, వాటికీ పనొచ్చింది.

తిప్పేటప్పుడు తల మీద చూపుడు వేలుతో కిందికి నొక్కి, బొటనవేలు, నడిమి వేలుతో తిప్పాలి. విప్పడానికి బలం నొక్కడంలో ఉండాలి, తిప్పడంలో కాదు.

ఇంకో మాట. నీ దగ్గర ఎప్పుడైనా 1960లకు ముందువి, విదేశీ పాత వాచీలు చేరితే, డయల్ మీద వెలిగే రంగు ఉంటే గీకకు. మనం మెరిసే ప్రతిదాన్నీ రేడియం అంటాం గానీ, ఆ కాలం వాటిలో నిజంగానే రేడియం ఉండేది. ఆ పొడి ఊపిరిలోకి పోకూడదు.

నాన్న_జనతా · గురువారం రాత్రి 11:50

మొదటి చచ్చిన జనతా పూర్తిగా విప్పాను! 23 ఫొటోలు తీశా, ఏది ఎక్కడిదో మర్చిపోకుండా. డ్రైవర్ ఒక్కసారి కూడా జారలేదు.

కానీ కీ వైపు, డయల్ కింద ఉండే సన్న వంపు స్ప్రింగు ఒకటి ఉంది. ట్వీజర్‌తో పట్టుకున్నా, పట్టుకున్నాననే అనుకున్నా, టింగ్ అని శబ్దం వచ్చింది, అంతే. గది అంతా ఊడ్చా. ఎక్కడ కొనాలి?

పొద్దుటూరు_వాసి · శుక్రవారం ఉదయం 6:40

చొక్కా మడతలు, ప్యాంటు మడతలు చూశావా? మేం బంగారు పొడి కోసం తివాచీ కూడా దులుపుతాం. చీపురుకు ముందు అయస్కాంతాన్ని పలచని కవర్‌లో చుట్టి నేలంతా తిప్పు.

సీకో_శీను · శుక్రవారం ఉదయం 8:10

పారదర్శకమైన పెద్ద పాలిథిన్ కవర్లో చేతులు పెట్టి అందులో విప్పు బ్రో, ఎగిరినా కవర్ దాటదు. మిషన్ లోపల ముట్టుకోని నేను కూడా ఇది వీడియోలో చూశా.

బెజవాడ_బల్ల · శుక్రవారం ఉదయం 9:30

కొనడం ఎందుకు? రెండో వాచీ ఉంది కదా, దానిలోంచి తియ్. తీసేటప్పుడు స్ప్రింగు మీద మెత్తటి పుల్లతో అదిమిపట్టి, ఇంకో చేత్తో ట్వీజర్ పెట్టు.

నాన్న_జనతా · శుక్రవారం రాత్రి 10:35

అదీ ఎగిరింది.

చప్పుడుకు నాన్న లేచి వచ్చారు. బల్ల మీద రెండు వాచీల ముక్కలు చూసి తన వాచీ ఏదని అడిగారు. బీరువా చూపించి, ఆ స్క్రూ సంగతి కూడా చెప్పేశా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఐగ్లాసు అడిగి పెట్టుకుని చూశారు.

ఆదివారం మళ్ళీ ఎర్రగడ్డ వెళ్తున్నా. ఈసారి ఆయన కూడా వస్తారట, నాకు బేరమాడటం రాదని.